పనిచేయుచున్నది

నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లోని షెడ్డు ముందు బెడియాకో గారి వ్యాన్ ఆగి, అందులోంచి నీలం చొక్కా వేసుకున్న సన్నటి మనిషి దిగాడు. పోయినవారం మనం అక్కడే ఆగాం. ఆ మనిషి పేరు ఫుసేని. ఉత్తర ఘనాలో సొంబోరి అనే ఊరి ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. మూడు వారాల ట్రైనింగ్‌కని అమెరికా వచ్చాడు. అతని కోసం లోపల పధ్నాలుగు మంది ఎదురుచూస్తున్నారు. అందరూ ఘనాలో పుట్టి, ఇక్కడ చదువుకుని, చుట్టుపక్కల కంపెనీల్లోనూ యూనివర్సిటీల్లోనూ స్థిరపడ్డ సైంటిస్టులు, ఇంజనీర్లు. ఇక్కడి ల్యాబులు పక్కన పడేసిన యంత్రాలను అడిగి తెచ్చి, తుడిచి, పరీక్షించి సొంబోరికి పంపడం నాలుగేళ్ళుగా వాళ్ళ శనివారం పని. ఇప్పటికి రెండు కంటైనర్లు వెళ్ళాయి. మూడోది వచ్చే గురువారం బయల్దేరాలి.

వీళ్ళ మధ్యకి రష్మి, వాళ్ళమ్మ ఎలా వచ్చిపడ్డారో కొత్తగా చదివేవాళ్ళకు చెప్పాలి. ఈ బృందాన్ని నడిపే డాక్టర్ అబెనా ఒఫోరి పక్క ఊరు క్యారీలో రష్మి ఇంటికి రెండిళ్ళ అవతల ఉంటుంది. మందుల కంపెనీలో బయోకెమిస్టు. రష్మి కాన్పుకు వచ్చిన ఆమె తల్లి నాగమల్లేశ్వరి ముప్ఫై నాలుగేళ్ళు కోస్తాలో ఒక జిల్లా ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసి రిటైరైంది. ఆవిడకు ఇంట్లో ఊరికే కూర్చోవడం చేతకాదు. జూలైలో ఒక శనివారం అబెనా కారెక్కి షెడ్డు చూడ్డానికి వెళ్ళింది. నలుగురు పీహెచ్‌డీలు కదిలించలేక వదిలేసిన మైక్రోస్కోపును హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి, లోపల గడ్డకట్టిన గ్రీజు కరిగించి, పావుగంటలో కదిలించింది. ఆ రోజు నుంచి అక్కడ అందరికీ ఆవిడ ‘అమ్మ’. ఆవిడ ఇంగ్లీషు ఆసుపత్రి ఇంగ్లీషు; రోగాల పేర్లు ఎక్కువ, క్రియాపదాలు తక్కువ. కనుక పాపను కార్ సీట్‌లో పెట్టుకుని రష్మి కూడా ప్రతి శనివారం దుబాసీగా వెళ్ళక తప్పడం లేదు.

రష్మికి అది విసుగేమీ కాదు. అయితే ఈ రెండువేల పది అక్టోబరు నెల గడుస్తున్నకొద్దీ ఆమె గుండెలో ఒక తేదీ దగ్గరపడుతోంది. నవంబరు ఒకటిన మళ్ళీ ఆఫీసులో చేరాలి. నిరుడు ఆమె టీమ్‌లో సగం మందిని తీసేశారు. ఇప్పుడు చేరకపోతే ఉద్యోగం ఉండదు, ఉద్యోగం లేకపోతే హెచ్‌వన్ వీసా ఉండదు. భర్త రఘు ఎక్కడో దూరాన ఫ్రిస్కోలో క్లయింట్ దగ్గర ఉన్నాడు. రెండు వారాలకోసారి వస్తాడు. నాలుగు నెలల జాహ్నవిని నమ్మి వదిలిపెట్టగలిగింది అమ్మ చేతుల్లో మాత్రమే.

ఆ రోజు షెడ్డులో ముందు భోజనాలు. అబెనా తెచ్చిన ఎర్రటి జొలోఫ్ అన్నం పక్కన నాగమల్లేశ్వరి చేసిన పులిహోర, రష్మి పెరట్లో పెరిగిన గోంగూరతో పచ్చడి. ఫుసేని పచ్చడి వేలికొసతో నాలుక మీద పెట్టుకుని ఆగిపోయాడు.

“ఇది మా ఆకు,” అన్నాడు ఇంగ్లీషులో. “మా అమ్మ ఈ ఆకే వేసి, వేరుశనగపప్పు నూరి పోసి పులుసు పెడుతుంది.”

రష్మి తెలుగులో చెప్పగానే నాగమల్లేశ్వరి ముఖం విప్పారింది. “చూశావుటే, మన గోంగూర ఎంత దూరం పోయిందో,” అంటూ, అతను అడక్కుండానే ఇంకో గరిటె వేసింది.

రష్మి ఆ మాట ఇంగ్లీషులో చెప్పగానే అతను నవ్వాడు. “మాదే మీ దాకా వచ్చిందేమో అమ్మా.”

అందరూ నవ్వారు. అబెనా అందరికంటే ఎక్కువగా నవ్వింది. నలభై ఆరేళ్ళ ఆ మనిషి ఆ రోజు పెళ్ళివారింట్లో ఆడపడుచులా తిరుగుతోంది. ఘనాలో ఆమె జాతివాళ్ళు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు. అబెనా అంటే మంగళవారం పుట్టిన పిల్ల అని అర్థం. అది తెలిసినప్పట్నించి నాగమల్లేశ్వరి ఆమెను ముద్దుగా ‘మంగమ్మ’ అనే పిలుస్తోంది. ఆ పిలుపుకి పలకడం అబెనాకూ అలవాటైపోయింది.

భోజనాల మధ్యలో అబెనా గోడమీద ప్రొజెక్టర్ వేసి, ఇంతవరకు పంపిన యంత్రాల జాబితా చూపించింది. ముప్ఫై ఎనిమిది యంత్రాలు. ప్రతి దాని పక్కన ఆకుపచ్చ టిక్కు. కింద పెద్ద అక్షరాలతో, ముప్ఫై ఎనిమిదీ పనిచేస్తున్నాయని.

“ప్రతి ఆర్నెల్లకూ ఈ రిపోర్టు నింపి పంపే మనిషి ఇవాళ మన పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు,” అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఫుసేని కూర్చున్నచోటే తలవంచి నమస్కారంలాంటిది చేశాడు. చూపు ప్లేటులోంచి ఎత్తలేదు. మొహమాటం కాబోలు అనుకుంది రష్మి.

నాగమల్లేశ్వరికి ఇవేవీ పట్టలేదు. తన పని చేసే మనిషి ఒకడు ఇన్నాళ్ళకు దొరికాడు. కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

“అడగవే, అక్కడ సెంట్రిఫ్యూజుకి కార్బన్ ముక్కలు దొరుకుతున్నాయా అని. మాకైతే మద్రాసు నుంచి రావాలి.”

సెంట్రిఫ్యూజంటే రక్తాన్ని గిర్రున తిప్పి నీటిని, కణాలను విడదీసే యంత్రం. దాని మోటారులో రెండు చిన్న కార్బన్ ముక్కలుంటాయి. తిరిగినకొద్దీ అరిగిపోతాయి. ఆ సంగతి అమ్మ చెప్పగా చెప్పగా రష్మికి కూడా తెలుసు.

“దొరుకుతాయమ్మా,” అన్నాడు ఫుసేని.

“ఎన్నాళ్ళకోసారి మారుస్తావు నాయనా?”

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. “ఇంకా మార్చాల్సిన అవసరం రాలేదు.”

రష్మి ఆ మాట చెప్పేసి, ఏడవబోతున్న పాప నోట్లో పాలసీసా పెట్టింది. తల తిప్పి చూసేసరికి అమ్మ చేతిలో గరిటె గిన్నె మీదే ఆగి ఉంది.

“అది వెళ్ళి ఎన్నేళ్ళయిందే?”

“మూడేళ్ళమ్మా. ఏం?”

“ఏం లేదు. తిననియ్యి పాపం.”

కానీ అప్పటికే ఆలస్యమైంది. మంచినీళ్ళ జగ్గు పట్టుకుని వాళ్ళ వెనకే నిలబడి ఉంది అబెనా. ఆమె కూడా ఇరవయ్యేళ్ళుగా సెంట్రిఫ్యూజు తిప్పుతున్న మనిషే.

“ఫుసేని,” అంది మెల్లగా. “మూడేళ్ళలో ఒక్కసారి కూడా మార్చలేదా?”

“లేదు డాక్టర్.”

“రోజుకు ఎన్ని శాంపిల్స్ వేస్తున్నావు అందులో? రిపోర్టులో నలభై అని రాశావు.”

అతను లేచి నిలబడ్డాడు. భుజానికి తగిలించుకున్న సంచిలోంచి చిన్న కెమెరా తీసి ఆమె చేతికిచ్చాడు. “మీకు విడిగా చూపిద్దామని తెచ్చాను. ఇలా అందరి ముందూ కాదు. మూడు రోజుల్నుంచి ధైర్యం చేస్తున్నాను.”

అబెనా కెమెరా వెనకున్న చిన్న తెర మీద ఒక్కో ఫోటో చూసుకుంటూ వెళ్ళింది. పక్కనుంచి రష్మికీ కనబడుతున్నాయి. పూల గుడ్డ కప్పిన సెంట్రిఫ్యూజు. మొదటి రోజే కాలిపోయిన, రక్తపరీక్షలు చేసే ఎనలైజరు. అమెరికా కరెంటుకు చేసిన యంత్రాన్ని అక్కడి రెండు వందల నలభై వోల్టుల ప్లగ్గులో పెట్టారు. మధ్యలో ఉండే ట్రాన్స్‌ఫార్మర్ వేరే పెట్టెలో, ఆర్నెల్ల తర్వాత దొరికింది. పాస్‌వర్డు అడుగుతూ నిలబడిపోయిన కంప్యూటర్ తెర. ఆ పాస్‌వర్డు ఇక్కడ ఎవరో ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాళ్ళకు తెలుసు. బల్బు మాడిపోయిన స్పెక్ట్రోఫోటోమీటరు. లోపల ఆసుపత్రి ఫైళ్ళు సర్దిన డీప్ ఫ్రీజరు.

“పనిచేసేవి ఎన్ని?” అంది అబెనా.

“ఆరు. నాలుగు మైక్రోస్కోపులు, ఒక తూకం, ఒక ఇంక్యుబేటరు.”

గోడమీద ఆకుపచ్చ టిక్కులు అలాగే వెలుగుతున్నాయి. బృందంలో పెద్దవారు బెడియాకో గారు వెళ్ళి ప్రొజెక్టర్ ఆపేశారు.

“మరి రిపోర్టుల మీద ఈ సంతకాలు?” అంది అబెనా.

“నావే. ఎవరూ పెట్టమనలేదు. నేనే పెట్టాను.” ఫుసేని తడుముకోలేదు. చాలాసార్లు తనలో తను చెప్పుకున్న మాటల్లా వచ్చాయి. “మొదటిది కాలిపోయినప్పుడు, మాకు యంత్రాలు ఇచ్చినా దండగేనని అనుకుంటారని భయపడ్డాను. బాగుచేసి అప్పుడు చెబుదామనుకున్నాను. ఈలోగా ఫారం వచ్చింది. పెట్టేశాను. రెండో ఫారానికి నిజం రాస్తే మొదటిది అబద్ధమని తెలిసిపోతుంది. డాక్టర్, ఆ నాలుగు మైక్రోస్కోపులతో కిందటేడు మూడు వందల మందికి క్షయ ఉందని కనిపెట్టాం. నిజం రాస్తే మీరు పంపడం మానేస్తారు. అవి పాడైతే నేనేం పెట్టుకుని చూడాలి?”

“నేను ఆ ఆసుపత్రి క్వార్టర్స్‌లో పుట్టాను,” అంది అబెనా. “మా అమ్మ అక్కడ నర్సు. ఇక్కడ నాలుగేళ్ళుగా ఒక్క శనివారం మా ఇంట్లో లేను. నా కొడుకు గ్రాడ్యుయేషన్ రోజు కూడా సాయంత్రం ఇక్కడే ఉన్నాను. అదంతా గుడ్డ కప్పడానికా ఫుసేని?”

జగ్గు టేబుల్ మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. విసురుగా వెళ్ళలేదు. తలుపు కూడా చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళింది. రష్మికి అదే ఎక్కువ బాధగా అనిపించింది.

నాగమల్లేశ్వరి చెయ్యి కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంటూ, “రావే,” అంది కూతురితో.

“అమ్మా, వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు. మనం మధ్యలో ఎందుకు?”

“నువ్వు రా. నాకు ఇంగ్లీషు కావాలి.”

పార్కింగ్ పక్కన చెక్కబెంచీ మీద కూర్చుని ఉంది అబెనా. మేపుల్ చెట్లు ఎర్రబడిపోయి, పట్టపగటి ఎండలో వెలుగుతున్నాయి. నాగమల్లేశ్వరి పక్కన కూర్చుంది. రష్మి కార్ సీటు కింద పెట్టి కాలితో ఊపుతూ నిలబడింది.

“చెప్పు మంగమ్మకి. ఆ అబ్బాయి చేసిన పని నేనూ చేశానని చెప్పు.”

“ఏంటమ్మా?”

“చెప్పవే.”

రష్మి చెప్పింది. అబెనా తల తిప్పి చూసింది.

నాగమల్లేశ్వరి చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా ఉన్న చెట్లను చూస్తూ చెప్పుకుపోయింది. ఒక్కో వాక్యం దగ్గర ఆగి, రష్మి ఇంగ్లీషులో చెప్పేదాకా ఓపిగ్గా చూసి, మళ్ళీ మొదలుపెట్టింది. ఎనభై నాలుగులో వాళ్ళ ఆసుపత్రికి ఏదో విదేశీ సంస్థ ఒక ఫ్లేమ్ ఫోటోమీటరు ఇచ్చింది. రక్తంలో ఉప్పు ఎంతుందో, పొటాషియం ఎంతుందో చెప్పే యంత్రం. కలెక్టరు వచ్చి రిబ్బను కత్తిరించాడు. ఎనిమిది నెలలు బంగారంలా పనిచేసింది. ఆ తర్వాత గ్యాస్ వచ్చే దారిలో ఏదో లీకైంది. కంపెనీకి నాలుగు ఉత్తరాలు రాసింది. జవాబు లేదు. ఇంతలో పైనుంచి తనిఖీ కాగితం వచ్చింది. యంత్రం స్థితి ఏమిటని ఒక గడి.

“సూపరింటెండెంటు గారు పనిచేస్తోందని రాసెయ్యమన్నారు. పాడైందంటే ఎవరు పాడుచేశారని ఎంక్వైరీ వస్తుంది, కొత్తవి ఇవ్వరు అన్నారు. ‘పనిచేయుచున్నది’ అని రాశాను. ఆయన ట్రాన్స్‌ఫరైపోయాడు. మరుసటి ఏడాది ఎవరూ చెప్పలేదు, నేనే రాశాను. అలా పదకొండేళ్ళు రాశాను. ప్రతి సంక్రాంతికి ఇంటికి సున్నం వేసినట్టు దానికి గుడ్డ మార్చేదాన్ని.”

రష్మి చెబుతోంది. తన నోటితో తను చెబుతున్న మాటలు తనకే కొత్తగా వినిపిస్తున్నాయి. అమ్మ గురించి ఆమెకు తెలిసిందల్లా ఒకటే: ఏ యంత్రం పాడైనా నాగమల్లేశ్వరిని పిలవండి అనేవాళ్ళు ఆసుపత్రిలో. అవార్డు కూడా ఇచ్చారు.

“ఎనభై ఏడు ఎండాకాలంలో కలరా వచ్చింది. వార్డు చాలక వరండాలో పడుకోబెట్టారు. పొటాషియం చూడాలంటే శాంపిలు బస్సులో పెద్దాసుపత్రికి పంపాలి. రిపోర్టు రావడానికి మూడు రోజులు. రత్నం అని మగ్గం నేసేవాళ్ళ అమ్మాయి. ఇద్దరు పిల్లల తల్లి. మంచం పక్కనుంచి నేను పోతుంటే, అక్కా నా రిపోర్టు వచ్చిందా అనేది. మూడో రోజు వచ్చింది. తీసుకుంది నేనే. అప్పటికి ఆ మంచం మీద వేరేవాళ్ళున్నారు.”

రష్మి చెప్పడం ఆపేసింది.

ఆ వేసవి ఆమెకు గుర్తుంది. తనకు తొమ్మిదేళ్ళు. అమ్మ వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తలనొప్పి, అల్లరి చెయ్యకండి అన్నారు నాన్న. వీధి గదిలో పాత రేడియో ముందేసుకుని, స్క్రూలన్నీ విప్పి, మళ్ళీ బిగించి, మళ్ళీ విప్పుతూ కూర్చుంది అమ్మ. తనూ తమ్ముడూ తలుపు పక్కనుంచి చూసి నవ్వుకున్నారు.

“ఏమంది?” అని అబెనా అడిగింది.

“చెప్పవే,” అంది నాగమల్లేశ్వరి. “సగంలో ఆపితే ఎలా?”

రష్మి చెప్పింది.

“ఆ తర్వాతే విప్పడం నేర్చుకున్నాను. ఎవరి దగ్గరా కాదు. ఆ ఫోటోమీటరునే విప్పాను, రహస్యంగా, ఆదివారాలు. తొంభై ఆరులో దొరికింది, లీకు ఎక్కడో. రబ్బరు వాషరు ఒకటి ఎండిపోయి చీలింది. ఇంతే ఉంటుంది.” చిటికెనవేలి గోరు చూపించింది. “పాడైందని చెబితే కోప్పడని మనిషి ఒకడుండి ఉంటే, మొదటి ఏడాదే దొరికేది. ఆ అబ్బాయి అబద్ధం రాశాడు, తప్పే. నాది ఇంకా పెద్ద తప్పు. కానీ మంగమ్మా, మీరందరూ ఇంత చదువుకున్నారు. ఆ పిల్లాడు పాడైందని ఎవరికి చెప్పాలి? ఆ ఫారంలో రాసే చోటుందా?”

అబెనా చొక్కా జేబులోంచి ఫుసేని పంపిన చివరి ఫారం తీసి మడతలు విప్పింది. రష్మి తొంగి చూసింది. ప్రతి యంత్రం పేరు పక్కన ఒకే ఒక గడి. ‘పనిచేస్తున్నట్టు ధ్రువీకరిస్తున్నాను.’ కాదనడానికి గడి లేదు.

“ఇది తయారుచేసింది నేనే,” అంది అబెనా. “డబ్బిచ్చే ఫౌండేషన్‌వాళ్ళకు నీట్‌గా ఉండాలని.”

ఆ తర్వాత ఏడ్చింది. నాగమల్లేశ్వరి ఆమె తల తన భుజానికి వంచుకుని, జాహ్నవిని జోకొట్టినట్టే వీపు మీద తడుతూ కూర్చుంది. దానికి దుబాసీ అక్కర్లేకపోయింది. రష్మి పాపను ఎత్తుకుని దూరంగా నడిచింది. అమ్మను అలా చూస్తూ నిలబడటం ఆమె వల్ల కాలేదు. ఇన్నేళ్ళూ తనకు తెలియకుండా అమ్మ ఎంత బరువు మోసిందో, అదీ ఎంత మామూలుగా, పొద్దున్నే క్యారియర్లు కట్టి, జడలు వేసి, బస్సెక్కి పోతూ.

లోపలికి వచ్చాక అబెనా తిన్నగా ఫుసేని దగ్గరికి వెళ్ళింది. “నేను అడగాల్సింది అడగలేదు. నువ్వు చెప్పాల్సింది చెప్పలేదు. ఇద్దరం సమానం. గురువారం కంటైనర్ వెళ్ళదు. ఎన్ని పాడయ్యాయో, ఎందుకు పాడయ్యాయో మొదట్నించీ చెప్పు. నాకు కోపం వస్తే రానీ. నువ్వు ఆపకు.”

అతను చెప్పాడు. బెడియాకో గారు తెల్లబోర్డు మీద రాశారు. పెద్ద కంప్యూటర్ కంపెనీలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన మనిషి, అక్షరం అచ్చుగుద్దినట్టుంటుంది. ఒక్కో యంత్రం పేరు పడగానే ఎవరో ఒకరు చెయ్యెత్తారు. “అలాంటి ఎనలైజరే మా ల్యాబ్‌లో ఉంది. దానికి నేను. ఎప్పుడైనా ఫోన్ చెయ్యి, నిద్రలో ఉన్నా ఎత్తుతాను.” “ఆ పాస్‌వర్డు నేను కనుక్కుంటాను, ఆవిడ ఇప్పుడు సన్నీవేల్‌లో ఉంది.” ప్రతి యంత్రం పక్కనా ఒక మనిషి పేరు, ఒక ఫోన్ నంబరు. డబ్బాలో పెట్టి పంపి మర్చిపోయే అవకాశం ఇక లేదు. నాలుగేళ్ళలో ఎప్పుడూ లేని సందడి ఆ షెడ్డులో. సెంట్రిఫ్యూజుల దగ్గరికి వచ్చేసరికి అందరూ అమ్మ వైపు చూశారు. ఆవిడ అప్పటికే ఒకటి విప్పి, ఫుసేనిని పక్కన కూర్చోబెట్టుకుని, అతని చేతే కార్బన్ ముక్కలు బయటికి తీయిస్తోంది.

“మెల్లగా నాయనా. స్లో. నో ఫోర్స్,” అంటోంది.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని, తెల్లజుట్టు, భుజానికి పెద్ద తోలుసంచి ఉన్న ఒక అమెరికన్ ఆవిడ లోపలికి వచ్చింది. హెలెన్ ప్రూయిట్. కంటైనర్ల ఖర్చు భరిస్తున్న ఫౌండేషన్ మనిషి. ఆవిడ మంగళవారం రావాలి. సొంబోరి లాంటి ఊళ్ళ నుంచి ఏటా అయిదుగురు టెక్నీషియన్లను తెచ్చి ట్రైనింగ్ ఇప్పించే కొత్త కార్యక్రమానికి ఒప్పుకోవాలో వద్దో తేల్చేది ఆవిడే. చేతిలో ఆకుపచ్చ టిక్కుల రిపోర్టు ఉంది.

“ఈ దారిలో వెళ్తూ ఆగాను,” అని, ఫుసేనిని చూసి, “నువ్వేనా సొంబోరి నుంచి వచ్చింది? ఎలా ఉన్నాయి మన యంత్రాలు?” అంది.

నిజం చెబితే ఇప్పుడే మొలకెత్తినదంతా పోవచ్చు. ఫుసేని చేతిలోని కార్బన్ ముక్కను జాగ్రత్తగా గుడ్డమీద పెట్టి లేచాడు.

“మేడమ్, ముప్ఫై ఎనిమిదిలో ఆరు పనిచేస్తున్నాయి.”

“రిపోర్టు తప్పు,” అంది అబెనా అతని పక్కకు వచ్చి నిలబడి. “తప్పు రాసేలా తయారుచేసింది నేను.”

హెలెన్ చాలాసేపు బోర్డు చదివింది. పేర్లు, నంబర్లు, పాడైన కారణాలు. అబెనా జరిగిందంతా చెప్పింది, అమ్మ సంగతి కూడా. చెబుతున్నప్పుడు హెలెన్ ఒకటి రెండుసార్లు నాగమల్లేశ్వరి వైపు చూసింది. చివరికి కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చుంది.

“మా ఫౌండేషన్ బోర్డు డిసెంబరులో కూర్చుంటుంది,” అంది, నార్త్ కరోలినా యాసలో మాటలను సాగదీస్తూ. “నేను వాళ్ళకు ఇంకో రిపోర్టు చూపించలేను. అక్కడికి వెళ్ళి, ముప్ఫై రెండింటినీ విప్పి, ఏది బతుకుతుందో ఏది బతకదో మొహమాటం లేకుండా చెప్పే మనిషి కావాలి. డాక్టర్ ఒఫోరి మాట ఇప్పుడు వాళ్ళు నమ్మరు. నా మాటా నమ్మరు. కానీ ఒకప్పుడు అబద్ధం రాసి, అది అబద్ధమని ఇవాళ ఎవరూ అడక్కుండానే చెప్పిన మీ మాట నమ్ముతారు. అతనితో పాటు మీరు సొంబోరి వెళ్తారా? నవంబరంతా.”

అబెనా నోటిమీద చెయ్యి పెట్టుకుంది. ఫుసేని కదలకుండా నిలబడ్డాడు. పధ్నాలుగు మంది చూపులూ అమ్మ మీదే.

అమ్మకు ఆ యాసలో ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. నవ్వుముఖంతో కూతురి వైపు తిరిగింది.

“ఏమంటోందే ఆవిడ?”

నవంబరు. రష్మి భుజం మీద జాహ్నవి నిద్రపోతోంది. పాప ఊపిరి మెడకు వెచ్చగా తగులుతోంది. ఆఫీసులో చేరే రోజుకు పదిహేను రోజులు. రఘుకి ఫోన్ చేసి అడగాలి. డేకేర్‌లో చోటు జనవరి దాకా లేదన్నారు. ఒక్క రోజు టైముంటే చాలు, ఏదో ఒకటి ఆలోచించవచ్చు. ఇవాళ కాదు. ఇంతమంది ముందు కాదు.

“ఏం లేదమ్మా,” అంది. “గోంగూర పచ్చడి బాగుందంట. ఇంకోసారి చేసి పెడతారా అని అడుగుతోంది.”

“అయ్యో, దానికేం భాగ్యం,” అంది నాగమల్లేశ్వరి.

తల్లిని ఆపడానికి రష్మి చెయ్యి చాపేలోపే, ఆవిడ హెలెన్ వైపు తిరిగి, గుండెల మీద చెయ్యి వేసుకుని, తనకు వచ్చిన ఇంగ్లీషులో నిండుగా, స్పష్టంగా చెప్పింది.

“యెస్ మేడమ్. ష్యూర్. ఐ విల్ డూ.”